తాతగారి ప్రెస్సు టైపు కేసులు: అడుగు ఉబ్బింది, అరలు ఊడుతున్నాయి. బాగుచేయొచ్చా?

వన్‌టౌన్ మనవరాలు | విశాఖపట్నం | ఆగస్టు 9

అందరికీ నమస్కారం. వన్‌టౌన్‌లో మా తాతగారికి చిన్న ప్రెస్సు ఉండేది. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, దినవారాల కార్డులు వేసేవారు. డీటీపీ, ఆఫ్‌సెట్ వచ్చాక తొంభైల చివర్లో మూసేశారు. కాలితో తొక్కి అచ్చేసే ట్రెడిల్ మిషన్ అప్పుడే పాత ఇనుము కింద పోయింది. టైపు కేసుల, అంటే అచ్చు అక్షరాలు పెట్టే సొరుగుల బీరువాని మాత్రం నలుగురు పట్టినా కదపలేక అక్కడే వదిలేశారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఆ గది రేకులు లేచిపోయి బీరువా తడిసింది. పైన టార్పాలిన్ కప్పి తాళం వేశాం. అంతే, మళ్లీ ఇప్పుడు ఇల్లు బాగుచేయిస్తూ తెరిచాం.

మొత్తం 14 సొరుగులు. రెండు అసలు రావడం లేదు. మూడింటికి అడుగు చెక్క ఉబ్బి కిందికి దిగింది. లోపల చిన్న చిన్న గదులు చేసే సన్న పట్టీలు ముట్టుకుంటే ఊడి వస్తున్నాయి. ఒక మూల సన్నగా పిండిలా రాలుతోంది. కొన్ని అక్షరాల మీద తెల్లగా బూజు పట్టినట్టుంది.

మా కార్పెంటర్ ఒక్క చూపు చూసి, "ఇవన్నీ తీసిపారేసి కొత్త ప్లైవుడ్ వేసి సన్‌మైకా అంటిస్తే అద్దంలా ఉంటాయమ్మా" అన్నాడు. నాకు అద్దంలా అక్కర్లేదు. తాతగారు చెయ్యి పెట్టిన సొరుగులు సొరుగుల్లా ఉంటే చాలు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

పాత సామాను | మధురవాడ | ఆగస్టు 9

అమ్మే ఆలోచన ఉంటే చెప్పండి. ఇప్పుడు కెఫేల్లో, విల్లాల్లో ఇవి గోడకి తగిలించి ఒక్కో గదిలో ఒక్కో చిన్న బొమ్మ పెడుతున్నారు. మంచి డిమాండ్ ఉంది. లోపలి సీసాన్ని కిలోల లెక్కన వేరేగా అమ్ముకోవచ్చు. పాలిష్ నేనే చేయించుకుంటాను, మీకు శ్రమ ఉండదు.

వన్‌టౌన్ మనవరాలు | ఆగస్టు 9

అమ్మనండీ. థాంక్స్.

ల్యాబ్ కోటు | ఎంవీపీ కాలనీ | ఆగస్టు 10

మేడమ్, చెక్క సంగతి తర్వాత. ముందు ఆ తెల్లటిది. అది బూజు కాదు. అచ్చు అక్షరాల్లో ఎక్కువ భాగం సీసం, గట్టిదనానికి ఆంటిమొనీ, కొంచెం తగరం కలుపుతారు. చెక్క నుంచి కొద్దికొద్దిగా ఎసిటిక్ ఆమ్లం ఆవిరి వస్తూనే ఉంటుంది. మన ఊళ్లో ఉన్న తేమకి, గాలి ఆడని సొరుగులో అది సీసాన్ని తినేస్తుంది. పైకి తేలేది లెడ్ కార్బొనేట్. వేలితో రాస్తే పౌడర్‌లా వస్తుంది. అది కడుపులోకో ఊపిరితిత్తుల్లోకో పోతే విషమే.

కాబట్టి చీపురు, పొడిగుడ్డ, మామూలు వాక్యూమ్ క్లీనర్ వాడకండి. మామూలు వాక్యూమ్ సన్న ధూళిని వెనక నుంచి గదంతా చిమ్ముతుంది. చేతులకి గ్లౌజులు, ముఖానికి ఎన్95 మాస్కు పెట్టుకోండి. తడిగుడ్డతో అద్దండి, రుద్దకండి. ఆ గుడ్డల్ని కవర్లో మూటకట్టి విడిగా ఉంచండి. పని బట్టలు ఇంట్లో బట్టలతో కలిపి ఉతకొద్దు. మధ్యలో టీ తాగాలంటే బయటికొచ్చి సబ్బుతో చేతులు కడుక్కున్నాకే. పిల్లలు, గర్భిణులు ఆ గదిలోకి రాకూడదు. పాత చెక్క మీద పొడి ఎమ్రీ పేపర్ అసలే వద్దు, ఆ చెక్క నిండా సీసం ధూళే ఉంటుంది.

భయపెట్టడానికి చెప్పడం లేదు. జాగ్రత్తగా చేస్తే చేసుకోదగ్గ పనే.

చిత్రిక | గాజువాక | ఆగస్టు 10

వడ్రంగం మా ఇంటి పని. నాకు టైపు కేసులు కొత్త గానీ సొరుగులు కొత్త కాదు. నాలుగు సంగతులు చెప్పండి. కర్ర టేకేనా? మూలలు మేకులతో బిగించారా, పళ్లు పళ్లుగా కోసి ఒకదానిలో ఒకటి దింపారా? అడుగు ఒకే ప్లైవుడ్డా, సన్న పలకలు పక్కపక్కన పరిచారా? సన్న పట్టీలు ఒకదాన్నొకటి దాటే చోట గాడి కోసి ఉందా?

ఇంకో మాట. రాని రెండు సొరుగుల్ని గుంజకండి, ముందు పలక ఊడి చేతికొస్తుంది. బీరువా లోపల ఖాళీ అరలో 60 వాట్ల పాతకాలం బల్బు ఒకటి రెండు రోజులు వెలిగించి ఉంచండి. చెక్కకీ గుడ్డకీ తగలకుండా చూసుకోండి. చెమ్మ దిగి వాటంతటవే వదులవుతాయి. ముసురు పట్టిన రోజుల్లో సొరుగు బిగిసిందని చిత్రిక పట్టేశారా, సంక్రాంతికి అది లోపల గజ్జెల్లా ఆడుతుంది.

వన్‌టౌన్ మనవరాలు | ఆగస్టు 11

టేకే అని మా నాన్నగారు అంటున్నారు, ముదురు రంగు. మూలలు పళ్లు పళ్లుగా ఉన్నాయి. అడుగు మూడు సన్న పలకలు, చిన్న మేకులతో కొట్టారు. ఆ మేకులన్నీ తుప్పు పట్టి చుట్టూ చెక్క నల్లబడింది. పట్టీలు సగం సగం కోసి ఒకదానిలో ఒకటి దిగాయి. సైజు సుమారు 32 అంగుళాల వెడల్పు, పదహారున్నర లోతు, ఎత్తు అంగుళంన్నర పైన.

ల్యాబ్ కోటు గారూ, మీ పోస్టు చదివాక టెన్షన్ పట్టుకుంది. ఎందుకంటే నిన్నే మూడు కేసుల్లో ఉన్న అక్షరాలన్నీ రెండు ప్లాస్టిక్ బకెట్లలోకి ఒంపేశాను. మాస్కు పెట్టుకున్నాలెండి.

స్టిక్కు చెయ్యి | అల్లిపురం | ఆగస్టు 11

బకెట్లోకి ఒంపేశారా!

స్టిక్కు చెయ్యి | అల్లిపురం | ఆగస్టు 11

అమ్మా, ఇందాక కోపంతో ఒక ముక్క రాసి ఆపేశాను, ఏమీ అనుకోకు. ఇరవై ఏడేళ్లు కంపోజిటర్‌గా, అంటే అక్షరాలు పేర్చే పని చేశాను. మా ప్రెస్సులో ఒక కుర్రాడు కేసు జారవిడిస్తే ఫోర్‌మన్ వాణ్ణి తిట్టలేదు. స్టూలు వేసి, "కూర్చో, ఏరు" అన్నాడంతే. వాడు తొమ్మిది రోజులు ఏరాడు. నీవి మూడు కేసులు.

కేసు అంటే చెక్క అనుకుంటారు అందరూ. ఏ గదిలో ఏ అక్షరం ఉందన్నదే కేసు. ఇంగ్లీషువాళ్లకి రెండు కేసులతో సరి. పైన పెట్టే కేసులో పెద్దక్షరాలు, కింద కేసులో చిన్నక్షరాలు. అప్పర్ కేస్, లోయర్ కేస్ అన్న పేర్లు అలా వచ్చినవే. వాళ్ల పై కేసుకి ఏడు వరసలు, వరసకి పద్నాలుగు, మొత్తం 98 గదులు. మన తెలుగుకి గుణింతాలు, వత్తులు, కొమ్ములు, సున్నలు పోను సంయుక్తాలు కూడా. ఒక్క సైజుకే నాలుగైదు కేసులు పట్టేవి. నిలబడ్డ చోటు నుంచి కదలకుండా చెయ్యి అందే చోట ఎక్కువ వాడే అక్షరాలు, మూలల్లో ఎప్పుడో పడే 'ఝ'లు, 'ఙ'లు. ఒక్కో ప్రెస్సువాళ్లు ఒక్కోలా సర్దుకునేవాళ్లు. మీ తాతగారి కేసు మ్యాపు మీ తాతగారిదే, ఏ పుస్తకంలోనూ దొరకదు.

మిగతా పదకొండూ ముట్టుకోకు. ముందు ప్రతి సొరుగుకీ ఫొటో తియ్యి. తెల్లకాగితం మీద గళ్లు గీసి ఏ గదిలో ఏముందో రాసుకో. ఆ తర్వాతే చెక్క పని.

వన్‌టౌన్ మనవరాలు | ఆగస్టు 11

చాలా పొరపాటు చేశానండీ. ఒంపేసిన మూడింటి మ్యాపు ఇక దొరకనట్టేనా?

స్టిక్కు చెయ్యి | ఆగస్టు 12

దొరుకుతుంది. కేసు ఎంత బోర్లించినా ప్రతి గదిలోనూ మూలకో సందుకో ఒకటో రెండో అక్షరాలు ఇరుక్కుని ఉంటాయి. టార్చి వేసి వాటిని చూడు. ఎక్కడ ఏది దొరికితే ఆ గది దానిదే. కలిసిపోయిన అక్షరం కూడా ఒకటీ అరా ఉంటుంది కాబట్టి పక్క గదుల్ని బట్టి నిర్ధారించుకో. గది అడుగున పాత కాగితం పరిచి ఉంటే దాని కింద కూడా చూడు.

ఇంకొకటి. గది ముందు అంచు మీద వేలు పెట్టి చూడు. బాగా వాడిన గది అంచు నున్నగా, మధ్యలో కాస్త పల్లంగా ఉంటుంది. 'న', 'ల', సున్న, కొమ్ము, ఇవన్నీ రోజుకి వందలసార్లు చెయ్యి తగిలే గదులు. అంచు ఇంకా పదునుగా ఉంటే అది ఏ 'ఝ' గదో.

చిత్రిక | ఆగస్టు 12

మాస్టారూ దండం. నేనైతే ఆ పల్లాలన్నీ లప్పం పెట్టి సమం చేసేసేవాణ్ణి.

ఉక్కునగరం శీను | ఆగస్టు 13

ఆ పిండి రాలే మూల సంగతి ఎవరూ చెప్పలేదు. అది పుచ్చు. చన్నీళ్లు కాదు గానీ గడ్డకట్టే చలిలో పెడితే పురుగు చస్తుందని ఎక్కడో చదివాను. మా బావమరిది రొయ్యల కోల్డ్ స్టోరేజీలో పని చేస్తాడు, అక్కడ మైనస్ 18 పైన ఉండదు. రెండు వారాలు అక్కడ పడేద్దామా? 😀

ల్యాబ్ కోటు | ఆగస్టు 13

శీను గారూ, పద్ధతి నిజమే. మ్యూజియాల్లో కూడా అలాగే చేస్తారు. పాలిథిన్‌లో గాలి చొరకుండా చుట్టి మైనస్ 18, 20 దగ్గర రెండు వారాలు ఉంచుతారు. బయటికి తీశాక మామూలు వేడికి వచ్చేదాకా కవర్ విప్పరు, విప్పితే చెమ్మ పడుతుంది. కానీ సీసం ధూళి నిండిన చెక్కని జనం తినే రొయ్యల పక్కన పెడతారా? మీ బావమరిది ఉద్యోగం ఉండాలనే ఉందా?

ఉక్కునగరం శీను | ఆగస్టు 13

ఒకసారి ఆలోచించి ఉండాల్సింది. వెనక్కి తీసుకుంటున్నా.

చిత్రిక | ఆగస్టు 14

టేకు చేవలో పుచ్చు అంత తేలిగ్గా పట్టదు. పట్టిందంటే అది చేవ చుట్టూ ఉండే తెల్లటి భాగం అయ్యుండాలి, లేదా ఆ ముక్క టేకే కాదు. పాతరోజుల్లో ఫ్రేముకి టేకు వేసి కనపడని చోట ఏదో చౌక కర్ర దోపేవాళ్లు. అమ్మా, ముందు పురుగు ఇంకా బతికుందో లేదో చూడండి. ఉన్న చిల్లులన్నీ కొవ్వొత్తి మైనంతో మూసి, కింద నల్లకాగితం పరిచి నెల రోజులు వదిలేయండి. కాగితం మీద కొత్తగా పిండి పడితే బతికున్నట్టు. పడకపోతే ఎప్పుడో చచ్చిన పురుగు కోసం మందులెందుకు.

బతికుంటే ఆ ముక్క వరకు కోసి తీసేసి అదే వాటంలో పాత టేకు ముక్క అతికిద్దాం. పాత ఇళ్లు కూల్చిన కర్ర అమ్మేవాళ్ల దగ్గర కిటికీ రెక్కల ముక్కలు దొరుకుతాయి. కొత్త టేకు వద్దు. యాభై ఏళ్లు ఆరిన కర్రకీ నిన్న కోసిన కర్రకీ జత కుదరదు. ఒకటి కదులుతుంది, ఇంకొకటి కదలదు.

ఇప్పుడు ఊడిన పట్టీలు. అవి ఊడింది కర్ర తప్పు వల్ల కాదు, బంక చచ్చిపోవడం వల్ల. ఆ రోజుల్లో పశువుల చర్మం, ఎముకలు ఉడికించి తీసిన బంక వాడేవాళ్లు. మా తాత వజ్రం అనేవాడు. వేణ్ణీళ్ల గిన్నెలో చిన్న గిన్నె పెట్టి కరిగిస్తుంటే వీధి చివరి దాకా కంపు. అది నీళ్లకి కరుగుతుంది, అందుకే తుపానుకి వదిలేసింది. మీకు అదే మంచిదైంది. గాడుల్లో ఎండిన పాత బంకని గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో మెత్తబరిచి, మొండి ఉలితో గీకండి. గాడి పూర్తిగా ఆరాక కొంచెం ఫెవికాల్ రాసి పట్టీ దింపండి. పాత బంక మీదే ఫెవికాల్ రాస్తే పట్టదు.

ల్యాబ్ కోటు | ఆగస్టు 14

చిత్రిక గారి మాటలన్నీ ఒప్పుకుంటాను, ఫెవికాల్ తప్ప. తెల్ల బంకలు పాలీ వినైల్ ఎసిటేట్. ఆరేటప్పుడూ ఆరాక కూడా వాటి నుంచి ఎసిటిక్ ఆమ్లం ఆవిరి వస్తుంది. అక్షరాల్ని తినేసింది ఏదని చెప్పాను పైన?

చిత్రిక | ఆగస్టు 14

మేడమ్, 280 పట్టీ ముక్కలకి చర్మం ఉడికించుకుంటూ కూర్చుంటారా ఆవిడ? ఫ్లాట్లో అయితే పక్కింటివాళ్లు పోలీసుల్ని పిలుస్తారు.

ల్యాబ్ కోటు | ఆగస్టు 14

ఆ బంక ఇప్పుడు రవ్వలా ఎండబెట్టి అమ్ముతున్నారండీ. నానబెట్టి వేడి చేసుకుంటే చాలు. వాసన ఉంటుంది, కాదనను. ఇంకో లాభం ఉంది. రేపు ఇంకెవరైనా విప్పి బాగుచేయాలంటే వేడినీళ్లతో విడివడుతుంది. ఫెవికాల్ పెడితే విరగ్గొట్టాల్సిందే.

చిత్రిక | ఆగస్టు 15

విడివడడం వల్లే కదా ఈవిడ ఇక్కడికొచ్చారు! మళ్లీ తుపాను రాదా?

సరే, మధ్యేమార్గం. అసలు ఆ పట్టీలకి బంక ఎంత కావాలి? గాడిలో బిగువుగా దిగితే సగం చోట్ల బంకే అక్కర్లేదు. వదులుగా ఉన్న చోట రంపపు పొట్టు కాదు, గాడిలో టేకు చీలిక సన్నగా చేసి దోపండి. ఫ్రేముకి తగిలే రెండు చివర్లకి మాత్రం మీరన్న వజ్రం.

ల్యాబ్ కోటు | ఆగస్టు 15

దీనికి నేను రెడీ. ఎప్పుడైనా తెల్లబంక వాడాల్సివస్తే కేసుని ఖాళీగా, గాలి తగిలేలా కొన్ని వారాలు ఆరనిచ్చాకే అక్షరాలు పెట్టండి. లోపల అవిసె నూనె పూయొద్దు, అది కూడా ఆరేటప్పుడు ఆమ్లపు ఆవిర్లు వదులుతుంది. కొత్త ప్లైవుడ్డూ ఎండీఎఫ్‌లూ అంతే.

పాత సామాను | ఆగస్టు 15

ఇంత కష్టమెందుకండీ, లోపల అక్షరాలు లేకపోతే ఏ బంకైతే ఏంటి!

స్టిక్కు చెయ్యి | ఆగస్టు 15

అక్షరాలు లేని కేసు ఎందుకు బాబూ.

వన్‌టౌన్ మనవరాలు | సెప్టెంబరు 6

నాలుగు వారాల సంగతులు.

బల్బు వైద్యం పనిచేసింది. మూడో రోజు పొద్దున రెండు సొరుగులూ వచ్చేశాయి. ఒక దాంట్లో 24 పాయింటు శుభలేఖ అక్షరాలు, పక్కనే గణేశుడు, మంగళవాయిద్యాలు, పూర్ణకుంభం బ్లాకులు. అవి చెక్క మీద బిగించిన లోహపు పలకలు. గణేశుడి తొండం చివర అరిగిపోయింది. ఎన్ని పెళ్లిళ్లు అయ్యుంటాయో.

పదకొండు కేసుల మ్యాపులూ గీశాను. ఒంపేసిన మూడింటిలో మాస్టారు చెప్పినట్టే టార్చి వేసి చూస్తే రెండింటికి దాదాపు అన్ని గదులూ తేలాయి. ఒక గది అడుగు కాగితం తీస్తే అది మా ప్రెస్సులోనే వేసిన కరపత్రం, ఏదో నాటకానిది, సగం చిరిగింది. 'టిక్కెట్టు 1 రూ.' అని మాత్రం ఉంది. దాని కింద చీలికలో పదమూడు సున్నలు.

నల్లకాగితం మీద ఇప్పటిదాకా పిండి పడలేదు.

ఇక నా నిర్వాకం. అడుగు పలకలు విప్పాను కదా, నాలుగు రోజులు వాన తెరిపిచ్చి మంచి ఎండ కాస్తే మేడ మీద ఆరేశాను. సాయంత్రానికి మూడూ విల్లులా వంగాయి. ఒకటైతే బల్ల మీద పెడితే ఊయలలా ఊగుతోంది. ఏడుపొచ్చింది.

చిత్రిక | సెప్టెంబరు 6

ఎండ తగిలిన వైపు లోపలికి వంగింది కదా? ఆ వైపు ముందుగా ఆరి ముడుచుకుంది, అంతే. విరగలేదు కాబట్టి పోయిందేమీ లేదు. గుంట పడిన వైపు తడిగుడ్డ పరిచి రాత్రంతా ఉంచండి. పొద్దునకి చాలావరకు తిరుగుతుంది. అప్పుడు నీడలో సన్న పుల్లలు అడ్డం పెట్టి దాని మీద పలక, మళ్లీ పుల్లలు, మళ్లీ పలక, పైన బరువు. రెండు వైపులా గాలి సమంగా తగలాలి. పది రోజులు ఓపిక పట్టండి.

బిగించేటప్పుడు మాత్రం నాలుగు వైపులా బంక పెట్టి బంధించకండి. పలక వానాకాలం ఉబ్బుతుంది, చలికాలం ముడుచుకుంటుంది, దానికి చోటుండాలి. ఇనప మేకులు మన ఊళ్లో నిలవవు, సముద్రపు గాలి. చిన్న ఇత్తడి స్క్రూలు వాడండి, పలకలో రంధ్రం కొంచెం పెద్దదిగా పెట్టండి. సొరుగు జారే దారిలో కొవ్వొత్తి రుద్దితే చాలు, గ్రీజు పెట్టకండి.

స్టిక్కు చెయ్యి | సెప్టెంబరు 7

బకెట్ల సంగతేమైంది?

వన్‌టౌన్ మనవరాలు | సెప్టెంబరు 7

అవి చూస్తేనే భయం వేస్తోంది మాస్టారూ. రోజూ గంట కూర్చుంటున్నా. ఒక పిడికెడు కూడా తెమలడం లేదు.

స్టిక్కు చెయ్యి | సెప్టెంబరు 7

అక్షరం చూసి ఏరుతున్నట్టున్నావు. అలా చేస్తే ఏడాది పడుతుంది. అక్షరం మొహం ఆఖర్న చూడాలి.

మొదట సైజు. అక్షరం ఏదైనా కాగితానికి తగిలే ఎత్తు ఒకటే, 0.918 అంగుళం. మారేది ఒంటి మందం. తెలిసిన 12 పాయింటు ముక్క ఒకటి పక్కన పెట్టి వేలితో తడుము, తేడా కంటికన్నా వేలికి ముందు తెలుస్తుంది. గ్లౌజులు సన్నవి వేసుకో. 12, 14, 18 మూడు పళ్లేలుగా చెయ్యి.

తర్వాత నిక్కు. ఒంటి మీద అడ్డంగా చిన్న గాడి ఉంటుంది చూడు. అక్షరాలు పోతపోసే ఒక్కో ఫౌండ్రీకి, ఒక్కో ఫేసుకి (అక్షరాల తీరుకి) ఆ గాడి ఉన్న చోటు, లెక్క వేరు. కంపోజ్ చేసేటప్పుడు చూడకుండానే బొటనవేలితో నిక్కు తడిమి అక్షరం తిన్నగా ఉందో లేదో తెలుసుకునేవాళ్లం. ఒకే నిక్కు ఉన్నవన్నీ వరసగా పేర్చు. వేరే ఫేసు అక్షరం ఒకటి వస్తే వరసలో గాడి తప్పి వెంటనే కనపడుతుంది.

అప్పుడు మాటల మధ్య ఖాళీకి పెట్టే స్పేసులు ఏరెయ్యి, అవి పొట్టిగా ఉంటాయి, మొహం ఉండదు. బకెట్లో సగం అవే ఉంటాయి, చూస్తూండు. ఆఖర్న అక్షరాలు. నిక్కు పైకి ఉండేలా పట్టుకుని చదువు, తలకిందులుగా ఎడమ నుంచి కుడికి. వ, మ పక్కపక్కన పెట్టుకుని చూసుకో. ప, ష కూడా. ఇవి నాకే పొరబాటు పడేవి మొదట్లో.

ల్యాబ్ కోటు | సెప్టెంబరు 8

ఏరేటప్పుడే తెల్లగా పొడి పట్టినవి వేరే మూత డబ్బాలో వేసేయండి, మంచివాటితో కలపొద్దు. మొహం తినేసినవి మళ్లీ అచ్చుకి పనికిరావు. వాటిని చెత్తబండిలో వేయొద్దు. ఇంట్లో కరిగించే ప్రయోగాలు ఎవరు చెప్పినా చేయొద్దు. మిగతావాటికి ఇంకు జిడ్డు ఉంటే కొంచెం కిరోసిన్ తగిలించిన గుడ్డతో తుడిచి ఆరబెట్టండి. ఇత్తడి పిడులు మెరవాలని చింతపండు వేసి తోమాలనిపిస్తే సొరుగు నుంచి విప్పి దూరంగా తోమండి. పులుపు ఆ చుట్టుపక్కలకి రాకూడదు.

వన్‌టౌన్ మనవరాలు | సెప్టెంబరు 8

పిడులు అన్నారు కాబట్టి అడుగుతున్నా. నాలుగు సొరుగులకి పిడులు లేవు. మిగతావాటికి కప్పులాంటి ఇత్తడి పిడి, పైన పేరు కాగితం దోపే చోటు. అలాంటివి దొరకలేదు. ఏటికొప్పాక బొమ్మలు చేసేవాళ్ల చేత అంకుడు కర్రతో గుండ్రటి పిడులు తిప్పించి లక్క రంగు వేయిస్తే?

చిత్రిక | సెప్టెంబరు 8

అందంగా ఉంటాయి, కానీ అంకుడు మెత్తటి కర్ర. సొరుగు నిండా సీసం, పాతిక కిలోలు సునాయాసంగా ఉంటుంది. ఒక్క పిడి పట్టి లాగితే మర ఊడి వస్తుంది. సన్న సొరుగులకి వేయించుకోండి, బరువు సొరుగులకి ఇత్తడే.

ఉక్కునగరం శీను | సెప్టెంబరు 8

నాలుగు సొరుగులకి రంగు పిడులుంటే బాగానే ఉంటుంది మేడమ్. పాతవేవో కొత్తవేవో దాచకుండా తెలిసిపోతుంది.

వన్‌టౌన్ మనవరాలు | డిసెంబరు 21

మళ్లీ నేనే. పద్నాలుగులో పదకొండు పూర్తయ్యాయి. నల్లకాగితం నవంబరు దాకా చూశాను, పిండి లేదు, పురుగు ఎప్పుడో పోయినట్టే. ఊగిన పలక కూడా తిన్నగా అయింది, ఒక చివర బియ్యపు గింజంత లేచి ఉంది, చిత్రిక గారు చూసి "వదిలేయండి, మనుషులకీ ఉంటాయి" అన్నారు. అవును, గాజువాక నుంచి వచ్చి రెండు ఆదివారాలు కూర్చుని పుచ్చిన మూలకి ముక్క అతికారు. డబ్బు తీసుకోలేదు, టిఫిన్ మాత్రం రెండుసార్లు పెట్టించుకున్నారు.

పైన ఫ్రేముకి మాత్రం పల్చగా లక్క పాలిష్, లోపల గదులకి ఏమీ పూయలేదు. బీరువా గోడకి జానెడు దూరంలో, వాన జల్లు పడని వైపు పెట్టాం. ఒక్కో సొరుగులో సిలికా జెల్ సంచి పెడుతున్నాను.

మొదటి బకెట్ అయిపోయింది. మాస్టారు చెప్పినట్టే సగం స్పేసులే.

మాస్టారూ, ఒక్క సందేహం మిగిలింది. ఒంపేసిన మూడో కేసులో కుడిచేతి వైపు కింది మూల గది. మిగతావాటికన్నా పెద్దది. మూలల్లో ఒక్క అక్షరం కూడా ఇరుక్కుని లేదు. అంచు అయితే అన్నిటికన్నా ఎక్కువ అరిగి ఉంది. దాని లోపలి పక్క అర్ధచంద్రాకారంలో నల్లగా కాలిన మచ్చ. అది రుద్దేయాలా ఉంచాలా అని ఆగాను. ఏ అక్షరం గది అయ్యుంటుంది? ఫొటో పెట్టాను.

స్టిక్కు చెయ్యి | డిసెంబరు 21

అది ఏ అక్షరానిదీ కాదమ్మా. కంపోజిటరు చుట్ట. పేర్చిన అక్షరాల్ని చట్రంలో బిగించడానికి (ఫారం అంటాం) పిలిస్తే సగం కాల్చింది అందులో పెట్టి వెళ్లేవాళ్లం. రుద్దకు.

ల్యాబ్ కోటు | డిసెంబరు 22

సీసం గదుల పక్కన పెట్టి, అదే తీసి మళ్లీ నోట్లో పెట్టుకున్నారా? పక్కనే కిరోసిన్ డబ్బా కూడా ఉండేది కదండీ!

స్టిక్కు చెయ్యి | డిసెంబరు 22

ఉండేది. రెండో బకెట్ ఎప్పుడు మొదలుపెడుతున్నావమ్మా? ఆదివారం అయితే నేనూ వస్తాను, కళ్లజోడు మార్పించాను.